ముట్టు వచ్చిన రోజు రా

ఆ ఏడాది ఉప్పు మళ్ళు తొక్కడానికి రావద్దని అమ్మ ఎంత చెప్పినా అక్క వినలేదు. చంటిది పుట్టి నాలుగు నెలలు కూడా నిండలేదు. దాన్ని గంపలో పడుకోబెట్టి గట్టు మీద పెట్టింది. ఎండ తగలకుండా గొడుగు అడ్డం పెట్టింది. చీర మోకాళ్ళ మీదికి దోపుకుని మడిలోకి దిగింది.

ఉప్పు మడికి అడుగు గట్టిగా ఉండాలి. వానాకాలమంతా నాని మెత్తబడ్డ బంకమట్టిని తొక్కి తొక్కి గచ్చులా చేశాకే అందులోకి సముద్రపు నీళ్ళు వదులుతారు. అడుగు కుదరకపోతే మట్టి పైకి లేచి ఆ కాలమంతా మురికి ఉప్పే వస్తుంది. ఆడవాళ్ళం ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని వరసగా నిలబడి ఒకే ఊపులో అడుగులు వేస్తాం. ఒక్కరు తప్పినా వరసంతా తూలుతుంది.

"నువ్వు మధ్యలో నిలబడు. కళ్ళు తిరిగితే పక్కవాళ్ళు పట్టుకుంటారు" అంది అమ్మ.

"నాకేం కళ్ళు తిరగవు."

"లారీ ఎక్కించినప్పుడూ ఇదే మాటన్నావు."

అక్క నవ్వి నా భుజం మీద చేయి వేసింది. ఆ చేయి తేలిగ్గా ఉంది. గట్టు మీద గాలికి ఆరేసిన గుడ్డంత తేలిక.

అమ్మ చెప్పిన లారీ బావ పనిచేసే ఉప్పు లారీ. చంటిది పుట్టిన రోజు అక్కకు రక్తం ఆగలేదు. వేరే బండి దొరక్క, ఉప్పు బస్తాల మీద దుప్పటి పరిచి, దానిమీద పడుకోబెట్టి పట్నం తీసుకెళ్ళాం. అప్పటికి అక్కకు పదహారు. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ అమ్మను పక్కకు పిలిచి చెప్పింది. "పిల్ల ఒళ్ళే ఇంకా ఎదగలేదు. మూడేళ్ళదాకా మళ్ళీ కడుపు రాకుండా చూసుకోండి. వెంటనే వస్తే ఈసారి బతికిస్తానని నేను మాటివ్వలేను." అక్క కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోతోంది అనుకున్నాం. ఇంటికొచ్చాక ఒకరోజు బిడ్డకు పాలిస్తూ, "మూడేళ్ళంటే నువ్వు అప్పటికి డిగ్రీలో ఉంటావే" అంది నాతో. విన్నదని అప్పుడు తెలిసింది.

నేను ఆ ఏడు పదో తరగతి. ఆదివారాలు మాత్రమే మడికి వెళ్ళేదాన్ని. నాకు మాటలు తక్కువ. బళ్ళో నన్ను 'గోడ' అనేవాళ్ళు. ఇంట్లో చెప్పలేనివన్నీ డైరీలో రాసుకుంటానని అక్కకు తెలుసు. "మా చెల్లి నోటితో తినడం ఒక్కటే చేస్తుంది" అని అందరికీ చెప్పేది.

మళ్ళు తొక్కడం అయిపోయాక, నీళ్ళు వదిలిన వారం, అక్క నన్ను వెంటబెట్టుకుని నర్సమ్మ దగ్గరికి వెళ్ళింది. కడుపు రాకుండా సూది ఉందనీ, ఒకసారి వేయించుకుంటే మూడు నెలలు పనిచేస్తుందనీ, మన ఊళ్ళోనే వేస్తారనీ పెద్దాసుపత్రిలో చెప్పారు.

మా ఊరి ఆసుపత్రి అంటే రెండు గదులు, ముందు ఒక రేకుల పంచ. పంచలో బల్ల మీద ఆడవాళ్ళు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. లోపల ఏం మాట్లాడినా బయటికి వినబడుతుంది. ఆ రోజు బల్ల చివర చేపలు ఎండబెట్టే ఆవిడ కోడలు కూర్చుని ఉంది. నాకంటే ఒక్క తరగతే పై. ఆ పిల్ల కడుపు మోకాళ్ళ మీదికి దిగినట్టు ఉంది.

నర్సమ్మ తల ఎత్తకుండానే అడిగింది. "ముట్టు ఎప్పుడొచ్చింది?"

"ఇంకా రాలేదండీ. చంటిది పుట్టాక రాలేదు."

"అయితే వచ్చిన రోజు రా. వేస్తాను."

"ఎప్పుడొస్తుందండీ?"

"నన్నడిగితే నేనేం చెప్పను? పాలిస్తున్నావుగా. కొందరికి ఏడాదికి వస్తుంది, కొందరికి ముందే వస్తుంది."

"మరి ఈలోగా?"

"ఈలోగా మీ ఆయన్ని పంచలో పడుకోమను."

బయట బల్ల మీదివాళ్ళు నవ్వారు. చేపలావిడ కోడలు మాత్రం నవ్వలేదు. కడుపు మీద చేయి వేసుకుని గోడకు జారగిలబడింది.

అక్క కదలకుండా నిలబడింది. నర్సమ్మ అప్పుడు తలెత్తి చూసింది. ఆవిడ చెడ్డది కాదు. మొండి జ్వరాలప్పుడు మా ఇళ్ళకు నడిచొచ్చి మందులిచ్చేది. "చూడు పిల్లా, కడుపు ఉందో లేదో చూసే పట్టీలు వానాకాలం నుంచీ రావడం లేదు. పోయినేడు ఒకత్తి నెల తప్పలేదని చెప్పింది, నమ్మి సూది వేశాను. దానికి అప్పటికే కడుపు. వాళ్ళవాళ్ళు వచ్చి, పిండం పోగొట్టడానికి వేశానని ఇక్కడ కుర్చీలన్నీ విరగ్గొట్టారు. అప్పట్నుంచీ ముట్టు చూపిస్తేనే సూది."

"చూపించడమంటే?"

"చూపించడమే. గుడ్డ తెచ్చి చూపించు. మాటలు నమ్మి చాలా పడ్డాను."

తిరిగి వస్తుంటే అక్క దారి పొడుగునా నవ్వుతూనే ఉంది. "పంచలో పడుకోవాలంట. మనకి పంచ ఎక్కడుందే? గది దాటితే ఉప్పు కుప్పే." మా వరసలో ఇంటికొక గది. అక్క వాళ్ళది మా పక్కది. మధ్యలో ఉన్నది గోడ అనుకుంటే గోడ, రేకు అనుకుంటే రేకు. ఇంటి దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. "వస్తుందిలే. నాకు పదమూడో ఏట వచ్చినప్పుడు ఎంత ఏడ్చానో. ఇప్పుడు రమ్మని ఏడవాలి" అంది.

బావ లారీ మీద క్లీనరు. వారానికి ఒకటి రెండు రోజులు ఇంటి దగ్గర ఉండేవాడు. అతనికి పందొమ్మిదేళ్ళు. మీసం ఇంకా సరిగా రాలేదని అమ్మ వెనకాల నవ్వేది. నన్ను చూడగానే, "ఏం మరదలా, ఈ వారం మాట్లాడే మాట మాట్లాడేశావా, ఇంకా ఉందా?" అనేవాడు. నేను లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

లారీ వచ్చే రోజుల్లో అక్క బిడ్డకు దగ్గు అని చెప్పి మా గదిలో పడుకునేది. ఎన్ని వారాలని దగ్గుతుంది చంటిది? ఒక పొద్దున బావ లారీ టైర్లు కడుగుతుంటే అక్క చెంబుతో నీళ్ళు పోస్తోంది. నేను గడప మీద కూర్చుని చదువుకుంటున్నాను.

"నన్నేమన్నా పులి అనుకున్నావా?" అన్నాడు బావ.

"పులైతే బోనులో పెట్టేదాన్ని."

"పాలిచ్చేటప్పుడు కడుపు రాదంట. మా అమ్మ చెప్పింది."

"మీ అమ్మకి ఎంతమంది?"

"ఆరుగురం."

"ఒకరి వెనక ఒకరు ఆరుగుర్ని కన్నావిడ మాట నేను వినాలా?"

బావ నవ్వాడు. అక్కా నవ్వింది. చెంబులో నీళ్ళన్నీ అతని నెత్తిన పోసింది. ఇద్దరూ బడి వదిలాక ఆడుకునే పిల్లల్లా ఉన్నారు. ఆ వారం బిడ్డకు దగ్గు తగ్గిందని చెప్పి అక్క పక్క గదికి వెళ్ళింది.

అప్పటికే ఆలస్యమైందో, ఆ వారమే అయిందో, ఎవరికీ తెలియదు. తెలిసే దారి లేదు కదా, గుర్తు పెట్టుకోవడానికి ముట్టే రాలేదు.

నాకు మాత్రం ఎప్పటిలా వచ్చింది. ఒక ఆదివారం పొద్దున దొడ్లో కుళాయి దగ్గర కూర్చున్నాను. గుడ్డ ఇంకా నీళ్ళలో పెట్టలేదు. అక్క బిడ్డను చంకనేసుకుని వచ్చి నా వెనక నిలబడింది.

"దాన్ని ఉతక్కు" అంది.

నేను తల తిప్పి చూశాను.

"ఒక్క పూట నాకియ్యి."

మొదట నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖమంతా మంటెత్తిపోయింది. అక్క ముందు కూడా నేను ఆ గుడ్డలు ఎన్నడూ ఆరేయలేదు. పాత పావడా కింద దాచి ఆరేసేదాన్ని.

"ఎవరికీ తెలీదే. మన ఇద్దరిదీ ఒకే రక్తం కదా, అబద్ధం కూడా కాదు" అంది అక్క. నవ్వించాలని చూసింది గానీ కళ్ళు నవ్వలేదు. "నాకు భయమేస్తోందే. లారీలో పైకి చూస్తే ఆకాశం ఒక్కటే కనబడింది. మీరెవరూ కనబడలేదు. మళ్ళీ ఆ బస్తాల మీద పడుకోలేను."

ఇచ్చాను. ఉప్పు నమూనాలు వేసే ప్లాస్టిక్ సంచి ఒకటి వెతికి, అందులో పెట్టి, బిడ్డ గుడ్డల మధ్య చుట్టుకుంది. మర్నాడు బడి మానేసి నేనూ వెంట వెళ్ళాను.

నర్సమ్మ సంచి విప్పి చూసింది. "ఎప్పుడు?" అని అడిగింది. "నిన్న పొద్దున" అంది అక్క. అది నిజమే. నర్సమ్మ చేతులు కడుక్కుని సూది తీసింది. నేను తలుపు దగ్గర బిడ్డను ఎత్తుకుని నేల చూస్తూ నిలబడ్డాను. ఆవిడ నన్ను ఒక్క మాట అడిగినా చెప్పేసేదాన్నేమో. అడగలేదు. గోడల్ని ఎవరూ అడగరు.

సూది వేస్తూ నర్సమ్మ జాగ్రత్తలు చెప్పింది. "ఇది వేసుకున్నాక నెలలు నెలలు ముట్టు రాకపోవచ్చు. కంగారు పడకు. కడుపులో తిప్పినట్టు ఉంటుంది. తల తిరుగుతుంది. రొమ్ములు బరువెక్కుతాయి. ఒళ్ళు కూడా చేస్తావు. అన్నీ సూది వల్లే, వాటంతట అవే పోతాయి. ఊరికే నా దగ్గరికి పరిగెత్తుకు రావద్దు."

"రానండీ" అంది అక్క.

బయటికొచ్చాక, సూది వేసిన చోట రుద్దుకుంటూ, "నొప్పి కూడా బాగుందే" అంది. ఆ రోజు మేం గట్ల మీద నడుస్తుంటే గాలి ఎండుగా వీచింది. మళ్ళల్లో నీళ్ళ మీద సన్నటి పొర కడుతోంది. అలాంటి గాలి వస్తే ఉప్పు తొందరగా పేరుతుంది. డైరీలో ఆ రోజు అదే రాసుకున్నాను. గాలి బాగుందని.

ఆ తర్వాతి రోజులు మా ఇంట్లో నాకు గుర్తున్నంతలో సంతోషంగా గడిచిన రోజులు. నర్సమ్మ చెప్పినవన్నీ ఒకటొకటిగా వచ్చాయి. పొద్దున్నే అక్క దొడ్లోకి పరిగెత్తి వాంతి చేసుకునేది. మూతి తుడుచుకుంటూ వచ్చి, "సూది పనిచేస్తోంది" అనేది. తల తిరిగితే గట్టు మీద కాసేపు కూర్చుని, "నర్సమ్మ చెప్పిందిగా" అనేది. పాలు తగ్గాయి. చంటిది రొమ్ము నోట్లో పెట్టుకుని రెండు గుక్కలు పీల్చి, ముఖం తిప్పేసి ఏడ్చేది. "ఎండలకి పాలు ఇంకిపోయాయి" అని అమ్మ దానికి గంజి అలవాటు చేసింది.

అక్క ఒళ్ళు చేసింది. బుగ్గలు నిండాయి. నా పరీక్షలు అయిపోయి నేను రోజూ మడికి వెళ్తున్న రోజులవి. పొడుగు కర్రకు పలక కట్టి, మడిలో పేరిన ఉప్పును గట్టు దగ్గరికి లాగుతాం. లాగేటప్పుడు నడుమంతా వెనక్కి వంగాలి. అక్క ఆ పని అందరికంటే శుభ్రంగా చేసేది. మట్టి తగలకుండా పైపైన లాగేది. "చూడు, బాలింతలా ఉన్నానా నేను?" అని నడుం మీద చేయి పెట్టుకుని నిలబడేది.

"పెళ్ళికూతురిలా ఉన్నావు" అంది అమ్మ. అని, అక్కను పక్క నుంచి ఇంకొంచెంసేపు చూసింది. ఏదో అనబోయింది. "సూది వేయించుకుందిగా" అని తనకు తనే చెప్పుకున్నట్టు అని, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. గుడ్డ సంగతి అమ్మకు తెలియదు.

మూడు నెలలకు రెండో సూదికి వెళ్ళాం. సమయానికి వస్తే నర్సమ్మ ఏమీ అడగదు, ఏమీ చూపించమనదు. "ఒళ్ళు చేశావే, సూది నీకు బాగా పడింది" అంది. "అందరూ ఇలా చెప్పినట్టు వింటే నాకు సగం పని తగ్గేది." అక్క సిగ్గుపడి నవ్వింది. బళ్ళో మార్కులు చదివినప్పుడు కూడా అక్క అంతగా నవ్వలేదు.

అది జరిగిన కొద్ది రోజులకే.

ఎండ మండిపోతోంది. మడి నిండా ఉప్పు తెల్లగా మెరుస్తుంటే కళ్ళు తెరవలేకుండా ఉంది. నేనూ అక్కా ఎదురెదురు గట్ల నుంచి లాగుతున్నాం. అక్క పలక మడి మధ్యలో ఆగిపోయింది. నేను తలెత్తాను. కర్ర రెండు చేతులతో పట్టుకుని, తల కొంచెం పక్కకు వాల్చి, దూరంగా ఎవరో పిలుస్తుంటే వింటున్నట్టు నిలబడింది. మళ్ళీ లాగింది. మళ్ళీ ఆగింది. ఈసారి పలక అడుగుకు తగిలి, లాగిన ఉప్పులోకి మట్టి చార ఒకటి లేచింది.

మడి చుట్టూ తిరిగి నేను ఆ గట్టుకు వెళ్ళాను.

"సూదికి ఇలా కూడా అవుతుందని నర్సమ్మ చెప్పిందా?" అని అడిగింది.

"ఎలా?"

నా చేయి పట్టుకుని బొడ్డు కింద పెట్టుకుంది. నా చేతికి ఉప్పు అంటుకుని ఉంది. అక్క ఒళ్ళు వేడిగా ఉంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత లోపల నుంచి, నీళ్ళలో చేప తోక ఆడించినట్టు, ఒక్కసారి.

"చెప్పలేదు కదూ" అంది అక్క.

నేను తల ఊపాను.

"ఆ మట్టి చార తీసేయాలి. మేస్త్రీ చూస్తే అరుస్తాడు" అంది. వంగి, చేత్తోనే, మట్టి అంటిన ఉప్పంతా ఏరి పక్కకు పోసింది.

ఆ సాయంత్రం అమ్మకు చెప్పింది. అమ్మ అరవలేదు, ఏడవలేదు. పొయ్యి ముందు కూర్చుని, పుల్లలు లోపలికి తోస్తూనే ఉంది, పొయ్యి నిండిపోయినా. నాన్న మడుల్లోకి నీళ్ళు వదిలే తూము దగ్గర పని. ఇంటికొచ్చి విని, మళ్ళీ తూము దగ్గరికే వెళ్ళిపోయాడు. బావకు లారీ వచ్చిన రోజు తెలిసింది. ఆ రోజు అతను నాతో ఏ జోకూ వేయలేదు. లారీ ముందు అద్దం తుడిచిందే తుడుస్తూ కూర్చున్నాడు. తర్వాత లారీ వెనక్కి ఎక్కి, బస్తాల మధ్య ఖాళీ జాగా ఎంత ఉందో చూసుకుంటున్నట్టు నిలబడ్డాడు. అక్క అది చూసి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

నర్సమ్మ దగ్గరికి ఈసారి మళ్ళీ మేమిద్దరమే వెళ్ళాం. అమ్మ వస్తానంటే అక్కే వద్దంది.

బల్ల మీద పడుకోబెట్టి నర్సమ్మ కడుపు నొక్కి చూసింది. ఒకసారి చూసి, చెయ్యి తీసి, మళ్ళీ చూసింది. కనురెప్ప కిందికి లాగింది. గోళ్ళు చూసింది. రక్తం ఏమీ లేదని తనలో తనే అనుకుంది.

"సూది మీద కూడా కడుపొచ్చిందంటే నీ ఒంటి తీరేమిటో నాకు అర్థం కావట్లేదు. ముట్టు నేనే చూశాను కదా. ఆ తర్వాతే వచ్చుండాలి" అంది. వేళ్ళ మీద లెక్కపెట్టింది. "అయితే నాలుగో నెల కూడా నిండలేదు. కానీ కడుపు చూస్తే..." మళ్ళీ లెక్కపెట్టింది. "సరే, కొందరికి ఎత్తుగా ఉంటుంది. కాన్పు వానలు వెనకబట్టాక. అప్పుడు పట్నం వెళ్దురుగాని. ఈలోగా కంగారేం లేదు."

అక్క పైకప్పు చూస్తూ పడుకుని ఉంది. వానలు వెనకబట్టాక కాదని ఆమెకు తెలుసు, నాకు తెలుసు. నొప్పులు వానల మధ్యలోనే వస్తాయి. గట్లన్నీ నీళ్ళలో ఉంటాయి. లారీలు నడవవు. అక్క పెదవులు లోపలికి మడిచి పెట్టుకుంది.

"ఆ గుడ్డ నాది" అన్నాను.

గట్టిగానే వచ్చింది మాట. బయట బల్ల మీద మాటలు ఆగిపోయాయి. నర్సమ్మ నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"ఏ గుడ్డ?"

"మొదట చూపించింది. నాది. అక్కకి చంటిది పుట్టాక ఇప్పటిదాకా రాలేదు."

నర్సమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండేది. తడి చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది.

"మరయితే ఇది ఎప్పటిదో ఎలా తెలుస్తుంది?" అంది చివరికి.

ఆవిడ మళ్ళీ లేచి కడుపు నొక్కింది. "అయిదు దాటింది. అయిదున్నరో, ఆరో. ఇప్పుడు తీయడానికీ లేదు, ఈ రక్తంతో ఎవరూ చెయ్యి వేయరు." చెయ్యి అక్క కడుపు మీదే ఉంచి, అంది. "ఈ ముక్క ముందే చెప్పుంటే అప్పుడు సూది వేసేదాన్ని కాదు కదా."

"వేయకపోతే ఏం చేసేవారండీ?" అంది అక్క. నిష్ఠూరంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

"ముట్టు వచ్చాక..." అని నర్సమ్మ ఆగిపోయింది.

గది మూలలో పిల్లల్ని తూచే తక్కెడ ఉంది. ఆవిడ దాన్ని చూస్తూ ఉండిపోయింది. తర్వాత చెయ్యి తీసి, రక్తం పట్టే మాత్రలు చీటీలో పొట్లం కట్టి అక్క చేతిలో పెట్టింది. "బరువులు ఎత్తకు" అంది. "వానలకు ముందే పట్నంలో ఎవరింట్లోనన్నా ఉండు. ఎవరన్నా ఉన్నారా మీకు?"

"లేరండీ."

"ఉంటే బాగుండేది."

బయటికి వచ్చేసరికి మబ్బు పట్టింది. ఆ నెలలో రావాల్సిన మబ్బు కాదు. దూరంగా మళ్ళ మీద జనం పరిగెత్తుతున్నారు. వాన పడే లోపల ఉప్పు కుప్పల మీద టార్పాలిన్లు కప్పాలి. అమ్మా నాన్నా కూడా అక్కడే ఉండి ఉంటారు. అక్క చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ గోడ పట్టుకుంది.

ఆ రాత్రి అమ్మ నాతో అంది, ఈ ఏడు పట్నంలో చదువు మాట వద్దని. అక్క లేవలేకపోతే చంటిదాన్ని ఎవరు చూస్తారని. నేను సరే అన్నాను. అది తర్వాతి సంగతి.

మేం బయటికొచ్చేసరికి పంచలో చేపలావిడ కోడలు ఉంది. చేతిలో మూడు నెలల పిల్లాడు. మేం లోపల ఉండగానే వచ్చి కూర్చున్నట్టుంది. అంతకు ముందు వారం ఆ పిల్లను కూడా ముట్టు వచ్చాక రమ్మని పంపేశారని అందరికీ తెలుసు. మా మాటలు ఎన్ని విందో ఏమో. మేం మెట్లు దిగుతుంటే వెనకే వచ్చింది. రోడ్డు మీద ఎవరూ లేకుండా చూసుకుని, అక్క కొంగు పట్టుకుంది.

"అక్కా, నాకు చెల్లెళ్ళు లేరు" అంది.

అక్క అర్థం కానట్టు చూసింది.

"మా ఆడపడుచుని అడగమంటావా? అడిగితే ఇస్తుంది. లేకపోతే ఊరికే ఆగమంటావా, వచ్చేదాకా? నువ్వెలా చెబితే అలా చేస్తాను."

పిల్లాడు నోట్లో పిడికిలి పెట్టుకుని చప్పరిస్తున్నాడు. ఆ పిల్ల మెడ మీద చెమటకాయలు లేచి ఉన్నాయి. అక్క కంటే కూడా చిన్నది. అక్క ఆ పిల్లను చూసింది. నన్ను చూసింది. ఏదన్నా చెప్పవే అన్నట్టు చూసింది. ఒక మాట అప్పుడే అనేశాను నేను. రెండోది నా దగ్గర లేదు.

మొదటి చినుకు అక్క చేతిలో మందుల పొట్లం మీద పడింది. పొట్లాన్ని జాకెట్లో దోపుకుంది.

"ఇలా ఇయ్యి" అని, పిల్లాడిని ఆ పిల్ల చేతుల్లోంచి తీసుకుని, తన కడుపు మీద ఎత్తిపెట్టుకుంది. కొంగు వాడి తల మీద కప్పింది.

"బరువుగా ఉన్నాడే నీ కొడుకు" అంది. "పద, తడుస్తాడు."

ముగ్గురం నడిచాం. ఆ పిల్ల అక్క చెబుతుందేమోనని దారి పొడుగునా ముఖం వంక చూస్తూనే ఉంది.